ఆడవాళ్ళ వైపు మూడో బెంచీ

ఆ ఏడు వానలు మొదలైనప్పుడు మా ఇంట్లో ముగ్గురం ఉండేవాళ్ళం. వానలు వెలిసేసరికి కూడా ముగ్గురమే. మధ్యలో ఒకరు పోయారు, ఒకరు వచ్చారు. మా చర్చి పెద్దమనుషుల మీద నాకు అప్పటికే పెద్దగా గౌరవం లేదు. ఉన్న కాస్తా ఆ రెండు నెలల్లో వాననీళ్ళతో పాటే కాలవలో కలిసిపోయింది.

నేను చర్చి ఆఫీసులో టైపిస్టుని. ఆదివారం ఆరాధన పత్రం, పెళ్ళి ప్రకటనలు, చావు ప్రకటనలు, కమిటీ తీర్మానాలు అన్నీ నా చేతులమీదుగానే బయటికొస్తాయి. పందొమ్మిదేళ్ళు ఒకరి మాటల్లో తప్పులు దిద్ది అచ్చు తీశాక, ఆ మనిషి వేదికెక్కి ఎంత గొంతు పెంచినా మనకేమీ అనిపించదు. మా సంఘానికి పదకొండుమంది పెద్దలు. వాళ్ళలో ఎనిమిదిమందికి ‘ఆశీర్వాదం’ అని తప్పుల్లేకుండా రాయడం రాదు. పదకొండో పెద్ద మా ఆయన. ఆయనకి రాయడం వచ్చు. నోరు విప్పడమే రాదు. కళ్ళద్దాల షాపు నడుపుతాడు. వచ్చినవాళ్ళకి ఏ అక్షరం కనిపిస్తోందో, ఏది కనిపించడం లేదో అడగడంతోనే ఆయన మాటలన్నీ అయిపోతాయి.

వానలు పట్టిన మొదటి వారంలో మా అత్తయ్య స్నానాల గదిలో పడిపోయింది. ఎడమ చెయ్యి, ఎడమ కాలు చచ్చుబడ్డాయి. మాట ముద్దముద్దగా వచ్చేది గానీ బుర్ర మాత్రం ఎప్పటిలాగే పదునుగా ఉంది. పెట్టుకున్న నర్సుల్లో మొదటామె మూడు రోజులుంది, రెండో ఆమె చెప్పకుండానే మానేసింది. నేను పూట పూటా దుప్పట్లు ఉతికి, ఆరక, గదిలో ఫ్యాను కింద తాడు కట్టి వేసేదాన్ని. ఇల్లంతా తడి దుప్పట్ల వాసన.

ఒకరోజు పొద్దున అత్తయ్య అంది, “చిన్నీని పిలవండి.”

మా ఆయన వినపడనట్టు లేచి, గొడుగు ఆరిందో లేదో చూడ్డానికి వరండాలోకి వెళ్ళాడు.

చిన్ని మా ఆయన తోడబుట్టినది. నేను కాపురానికి వచ్చినప్పుడు నాకు మరిది. తొమ్మిదేళ్ళ కిందట అన్నగారికి ఒక ఉత్తరం రాసింది. ‘నాకు ఊహ తెలిసినప్పటినుంచీ నేను ఆడదాన్నే. ఇకనుంచి అలాగే బతుకుతాను. మీకు చెప్పకుండా దాచడం ఇష్టంలేక రాస్తున్నాను’ అని. మా ఆయన దాన్ని రెండుసార్లు చదివి, మడతపెట్టి, షాపులో పాత ఫ్రేముల సొరుగులో పడేసి తాళం వేశాడు. మరి నేనేం చేశాను? ఏమీ చెయ్యలేదు. ఆ ఊసు రాకుండా తొమ్మిదేళ్ళు వంట చేశాను. పెద్దమనుషుల్ని తిట్టేముందు ఆ సంగతి కూడా చెప్పాలి కాబట్టి చెబుతున్నాను.

“ఎక్కడుందో, ఏ నంబరో మనకేం తెలుసత్తయ్యా?” అన్నాను.

“నాకు తెలుసు. ప్రతి ఆదివారం మీరిద్దరూ చర్చికి వెళ్ళగానే ఫోన్ చేస్తుంది. తొమ్మిదేళ్ళ నుంచీ.” దిండు కింద చెయ్యి పెట్టి ఫోను బయటికి తీసింది. “పట్టు. నువ్వే చెయ్యి. వాడికి చేతకాదు.”

రెండు రోజుల్లో దిగింది. చిన్ని లిఫ్టులు బాగుచేసే మనిషి. ఒక చేతిలో బట్టల సంచి, ఇంకో చేతిలో ఇనప పనిముట్ల పెట్టె. జుట్టు వెనక్కి దువ్వి ముడి వేసుకుంది. చెవులకి చిన్న రాళ్ళ దిద్దులు. గుమ్మంలో చెప్పులు విప్పి, “బాగున్నావా వదినా?” అంది.

నేను గుమ్మంలోనే నిలబడిపోయాను. మరిది పిలిచినా వదినే, ఆడపడుచు పిలిచినా వదినే. మా ఆయన్ని పిలిచే ‘అన్నయ్యా’ అన్న పిలుపూ అంతే. తను మమ్మల్ని పిలవడంలో మారాల్సింది ఒక్క అక్షరం కూడా లేదు. మారాల్సిందంతా మా నోళ్ళలోనే ఉంది. అత్తయ్యకి ఆ బాధ కూడా లేదు. పుట్టిన దగ్గర్నుంచీ చిన్నీ అనే పిలిచింది.

మా ఆయన మాత్రం ఒక ఉపాయం కనిపెట్టాడు. వచ్చాడు అనడానికి మనసొప్పదు, వచ్చింది అనడానికి నోరు రాదు. అందుకని, చిన్నప్పుడు భుజాల మీద ఎక్కించుకు తిప్పిన మనిషిని “మీరు” అనడం మొదలుపెట్టాడు. “ఎప్పుడొచ్చారు? భోంచేశారా?” ఎవరైనా ఇంటికొస్తే, “వాళ్ళు లోపల అమ్మకి ఒళ్ళు తుడుస్తున్నారు” అనేవాడు. విన్నవాళ్ళు లోపల ఓ పదిమంది ఉన్నారనుకునేవాళ్ళు. అంత మర్యాద ఆయన మా నాన్నకి కూడా ఎప్పుడూ ఇవ్వలేదు.

చిన్ని వచ్చిన పూటే మంచం చూసింది, గోడ చూసింది, పైకప్పు చూసింది. పెట్టె తెరిచి, దూలానికి కొక్కెం బిగించి, కప్పీ వేసి తాడు వేలాడదీసింది. తాడు చివర చెక్కపిడి. అత్తయ్య కుడిచేత్తో ఆ పిడి పట్టుకుని లాగితే నడుము పైకి లేచేది. ఎడమవైపు ఒరిగిపోకుండా చిన్ని వీపు వెనక మోకాలు ఆనించి కూర్చునేది.

“ఆరంతస్తుల మేడలో ఇనప పెట్టెలు ఎక్కించి దించేదాన్ని. నువ్వెంతమ్మా,” అనేది.

“నేనూ బరువే. మీ నాన్ననడుగు,” అనేది అత్తయ్య. ఆయన పోయి పాతికేళ్ళయింది. ఇద్దరూ నవ్వుకునేవాళ్ళు. ఆ గదిలో నవ్వు విని ఎన్నాళ్ళయిందో నాకు అప్పుడు తెలిసొచ్చింది.

మొదటి వారం స్త్రీల సమాజం వాళ్ళు అత్తయ్య కోసం ప్రార్థన చేస్తామని వచ్చారు. వాళ్ళు గేటు తీస్తున్న చప్పుడు వినగానే నేను చిన్ని దగ్గరికి వెళ్ళి, గొంతు తగ్గించి, “కాసేపు వెనక గదిలో ఉంటావా?” అన్నాను.

చిన్ని నన్నొకసారి చూసింది. “అలాగే వదినా. దుప్పట్లు మడతపెట్టుకుంటా,” అని వెళ్ళిపోయింది. ముప్పావు గంట ఆ తడి దుప్పట్ల మధ్య కూర్చుంది. వాళ్ళు కళ్ళు మూసుకుని అత్తయ్యకి సేవ చేసే చేతుల్ని దీవించమని ప్రార్థించారు. ఆ చేతులు గోడకి అవతల ఉన్నాయి. నేను గట్టిగా ఆమెన్ అన్నాను. ఆ ఆమెన్ గుర్తొస్తే ఇప్పటికీ నా మీద నాకే ఏవగింపు.

అందుకే ఆ ఆదివారం, “నేనూ చర్చికి వస్తాను వదినా. పక్కింటావిడ అమ్మ దగ్గర కూర్చుంటానంది,” అన్నప్పుడు నేను మారుమాట్లాడలేదు. వెళ్ళి గొడుగు తెచ్చాను.

మా చర్చిలో మగవాళ్ళు ఒకవైపు, ఆడవాళ్ళు ఒకవైపు కూర్చుంటారు. మా ఆయన పెద్దల బెంచీకి వెళ్ళాడు. చిన్ని ఒక్క క్షణం నడవలో ఆగి, తర్వాత నాతో ఆడవాళ్ళ వైపు మూడో బెంచీకి వచ్చింది. అది అత్తయ్య బెంచీ. నలుగురు పట్టే చోటు. మేము కూర్చోగానే అటు చివరనున్న ఇద్దరూ పర్సులు తీసుకుని, పిలుపు వచ్చినట్టు లేచి, వెనక్కి వెళ్ళారు. పాట మొదలైంది. చిన్ని గొంతు కాస్త మందం, కానీ శ్రుతి తప్పదు. అన్ని చరణాలూ పుస్తకం చూడకుండా పాడింది. పాడుతుంటే ముందు బెంచీ తలలు వంతులవారీగా వెనక్కి తిరిగాయి. కళ్ళు మూసుకుని పాడేవాళ్ళకి వెనకేం జరుగుతోందో అంత బాగా ఎలా తెలుస్తుందో!

ఆరాధన అయ్యాక మెట్ల దగ్గర పెద్దాయన కాచుకుని ఉన్నాడు. కమిటీ ఛైర్మన్. ఒకప్పుడు హెడ్‌మాస్టరు. పదవి పోయినా బెత్తం పట్టుకున్నట్టే నడుస్తాడు. ఏ మాటకి ముందైనా రెండుసార్లు గొంతు సవరించుకుంటాడు. పక్కనే పాస్టరు గారు. వయసు ముప్పై దాటదు, గొంతు వెన్నపూసలా ఉంటుంది, వెన్నపూసలాగే ఎటు వంచితే అటు వంగుతాడు.

పెద్దాయన చిన్నివైపు చూడకుండా మా ఆయనతో అన్నాడు, “తమ్ముడూ, ఇది ప్రేమతో మాట్లాడుకోవాల్సిన విషయం. బుధవారం కమిటీ పిలుస్తున్నాను.”

మా ఆయన తలూపాడు. పాస్టరు గారూ తలూపాడు.

గురువారం ఆఫీసుకి వెళ్ళేసరికి టైపు చెయ్యాల్సిన కాగితం నా బల్ల మీద ఉంది. పెద్దాయన స్వహస్తాలతో రాసింది. సదరు వ్యక్తి పట్ల సంఘానికి ప్రేమ ఉన్నదనీ, ఆ ప్రేమను బట్టే ఆడవాళ్ళ వైపు కూర్చోవడం కుదరదనీ, ప్రేమపూర్వకంగా వరండాలో ఒక కుర్చీ ఏర్పాటు చెయ్యాలనీ, రిజిస్టరులో ఉన్న పాత పేరే చెల్లుతుందనీ, ఆ వ్యక్తి మనసు మార్చుకునేవరకూ ప్రభు భోజనపు రొట్టె, ద్రాక్షరసం ఇవ్వకుండా ప్రేమతో ఆపాలనీ. ఒక్క పేజీలో ప్రేమ ఏడుసార్లు వచ్చింది. నేను రెండుసార్లు చూసుకున్నాను. వానజల్లు తిన్నగా ఆ వరండాలోకే కొడుతుందన్న సంగతి మాత్రం ఎక్కడా రాయలేదు.

కింద పదకొండు సంతకాలు. పదకొండోది మా ఆయనది. ఆయన సంతకం చాలా అందంగా ఉంటుంది.

ఆ సాయంత్రం ఆయన కాళ్ళు కడుక్కుని వచ్చేదాకా ఆగి అడిగాను.

“సంతకం పెట్టారు.”

“అందరూ పెట్టారు. నేనొక్కణ్ణే ఏం చేస్తాను?”

“సంతకం పెట్టకుండా ఉండడానికి ఎంతమంది కావాలండీ?”

తుండుతో పాదాలు తుడుచుకున్నవాడు తుడుచుకుంటూనే ఉండిపోయాడు. లోపల గదిలోంచి తాడు కిర్రుమంటోంది. చిన్ని అత్తయ్యని లేపుతోంది. మా మాటలు వినపడే ఉంటాయి. మా ఇల్లు అంత పెద్దదేం కాదు.

మర్నాడు దుప్పట్లు పిండుతూ నేనే చెప్పాను, వరండా సంగతి. ఒక కొస తను పట్టుకుంది, ఇంకో కొస నేను. చిన్ని మెలితిప్పుతూనే విని, “లిఫ్టులో బోర్డు ఉంటుంది చూశావా వదినా, ఇంతమందికి మించకూడదని? వీళ్ళ పరలోకానికి కూడా అలాంటిదేదో తగిలించినట్టున్నారు,” అంది.

“నీకు కోపం రాదా?”

“వస్తుంది. వస్తే ఈ దుప్పటి బాగా పిండుతాను.” నిజంగానే ఆ దుప్పటి ఆ రోజు తొందరగా ఆరింది. ఇంకో దుప్పటి అందుకుంటూ మామూలుగానే అంది, “పదమూడో ఏట బాప్తిస్మం తీసుకుంది ఆ చర్చిలోనే వదినా. నీళ్ళు ముక్కులోకి పోయి తెగ దగ్గాను. ఆ రోజు నన్ను ఒప్పుకున్నవాడు ఎవరిని ఒప్పుకున్నాడో ఆయనకి తెలీదంటావా?”

దేవుడి గురించి పందొమ్మిదేళ్ళు టైపు కొట్టాను గానీ, ఆయనతో అంత చనువు నాకు ఎప్పుడూ లేదు.

ఆ తర్వాత ఆదివారాలు చిన్ని ఇంట్లోనే ఉండిపోయింది. తల్లీ కూతుళ్ళిద్దరూ కలిసి పాడుకునేవారట. పక్కింటావిడ చెప్పింది.

నెల మారాక, ఒక బుధవారం పొద్దున పదకొండింటికి పాస్టరు గారు, పెద్దాయన అత్తయ్యకి ప్రభు భోజనం ఇవ్వడానికి ఇంటికొచ్చారు. పాస్టరు గారి చేతిలో నల్లటి చిన్న పెట్టె. అందులో రొట్టె ముక్కలు, ద్రాక్షరసం సీసా, బొటనవేలంత గ్లాసులు. మా ఆయన షాపు మూసి వచ్చాడు. అత్తయ్యకి ఉతికిన తెల్లచీర కట్టాం. చిన్ని తాడు అందించింది. అత్తయ్య పిడి పట్టుకుని లేచి, కూతురి మోకాలికి ఆనుకుని నిటారుగా కూర్చుంది. ముగ్గురం తలలు వంచాం.

పెద్దాయన రెండుసార్లు గొంతు సవరించుకున్నాడు.

“ఇది సంఘ సభ్యులకి మాత్రమే. కాబట్టి ఆ... కాసేపు బయట ఉంటే బాగుంటుంది.” ఎవరితో అంటున్నాడో తెలియకుండా ఉండాలని గోడతో అన్నాడు.

చిన్ని మా ఆయనవైపు చూసింది. మా ఆయన తన చేతుల్ని చూసుకున్నాడు. చిన్ని నెమ్మదిగా మోకాలు తీసి, ఆ చోట రెండు దిండ్లు పెట్టి, బయటికి నడిచింది.

పాస్టరు గారు ప్రార్థన మొదలుపెట్టాడు. వెన్నపూస గొంతు గదంతా పరుచుకుంది. రెండో వాక్యానికే దిండ్లు జారాయి. అత్తయ్య ఎడమవైపుకి ఒరిగిపోసాగింది. పిడి మీద కుడిచేతి పట్టు జారుతోంది. నేను లేచి పట్టుకున్నాను. నావల్ల కాలేదు. పక్కనే ఉన్న పాస్టరు గారు ఒక చెయ్యి ముందుకి చాచి, పక్కగుడ్డల వాసన తగిలిందేమో, దీవిస్తున్నట్టు ఆ చేతిని గాల్లోనే ఆపాడు. పెద్దాయన కళ్ళు తెరవనే లేదు.

పాస్టరు గారు కంగారుగా రొట్టె ముక్క అత్తయ్య నోటి దగ్గర పెట్టాడు. అత్తయ్య నోరు మూసుకుంది.

“అమ్మా, తీసుకోండమ్మా.”

“దాన్ని పిలు.”

“తర్వాత పిలుద్దామమ్మా. ముందు ఇది...”

“అది వస్తేనే.” ఒక్కో మాటా కూడదీసుకుని పెద్దాయనవైపు తిరిగింది. మా సంఘంలో యాభై దాటినవాళ్ళందరికీ సండేస్కూలు చెప్పింది మా అత్తయ్యే. “ఒరే, ఆరేళ్ళప్పుడు బెంచీ మీద నిక్కరు తడుపుకున్నావు గుర్తుందా? పొడి బట్ట కట్టి నా పక్కనే కూర్చోబెట్టుకున్నాను. వరండాలోకి పొమ్మన్నానా?”

పెద్దాయన మొహం కందగడ్డయింది. నాకు నవ్వొచ్చింది. నవ్వితే చేతుల్లోంచి అత్తయ్య జారిపోతుందని ఆపుకున్నాను. నిజానికి జారిపోతూనే ఉంది.

అప్పుడు మా ఆయన లేచి గుమ్మం దాకా వెళ్ళాడు. తలుపు తీసి, “చెల్లీ, లోపలికి రా. అమ్మ పడిపోతోంది,” అన్నాడు.

గొంతేమీ పెంచలేదు. షాపులో, ఆ అద్దం ఇలా అందుకోమన్నట్టే అన్నాడు. చిన్ని గబగబా వచ్చి వెనక మోకాలు ఆనించింది. అత్తయ్య నిటారుగా అయ్యి, ఊపిరి పీల్చుకుని, పాస్టరు గారివైపు చూసి నోరు తెరిచింది. ఇప్పుడు ఇవ్వు, ఇద్దరికీ, అన్నట్టు.

పాస్టరు గారు రొట్టె పట్టుకుని పెద్దాయనవైపు చూశాడు. పెద్దాయన పెట్టె మూత వేశాడు. “మళ్ళీ వస్తాం, పరిస్థితులు కుదుటపడ్డాక,” అన్నాడు. పాస్టరు గారు చేతిలోని ముక్కని ఎక్కడ పెట్టాలో తెలియక మళ్ళీ మూత తీయించి లోపల పెట్టాడు. గొడుగులు వెతుక్కుని వెళ్ళిపోయారు. అంత చదువుకున్న మనుషులు ఒక మంచంలో ఉన్న ముసలావిడ ముందునుంచి అంత తొందరగా పారిపోవడం నేను మళ్ళీ చూడలేదు.

వాళ్ళు మళ్ళీ రాలేదు. పరిస్థితులు కుదుటపడలేదు. పదహారు రోజుల తర్వాత, పొద్దున కాఫీ కలిపి తెచ్చేసరికి అత్తయ్య పోయింది. చెయ్యి పిడి మీదే ఉంది. చిన్ని ఒక్కో వేలూ విడదీసి, ఆ చెయ్యి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. మా ఆయన గది మధ్యలో నిలబడి, “చెల్లీ, ఇప్పుడేం చెయ్యాలి?” అని అడిగాడు. ఏడేళ్ళు పెద్దవాడు అడిగిన మాట అది.

చర్చిలో ఆరాధన చేసి సమాధుల తోటకి తీసుకెళ్ళాలి. దానికి పత్రం అచ్చు వెయ్యాల్సింది నేనే. ఇంట్లో శవాన్ని పెట్టుకుని ఆఫీసుకి వెళ్ళి కూర్చున్నాను. ఇంకొకరి చేత ఆ పత్రం టైపు చేయించడం నాకు ఇష్టంలేదు. పాటలు, ప్రార్థనలు, పుట్టిన తేదీ. చివర్లో, ‘ఈమెకు ఒక కుమారుడు, ఒక కోడలు, ఒక కుమార్తె ఉన్నారు’ అని కొట్టాను. నూట డెబ్బై కాపీలు తీసి కట్ట కట్టి, ఇంటికొచ్చేశాను.

మర్నాడు పొద్దున చర్చి తలుపు దగ్గర పత్రాలు పంచుతున్నారు. తీసుకుని చూశాను. ‘ఒక కుమార్తె’ మీద నల్లసిరాతో అడ్డగీత. స్కేలు పెట్టి తిన్నగా కొట్టిన గీత. పక్కనున్నవాళ్ళది చూశాను. అదీ అంతే. నూట డెబ్బై కాపీలకీ అంతే. పెద్దాయన, ఇంకో ఇద్దరు పెద్దలు పొద్దున్నే వచ్చి, బల్ల చుట్టూ కూర్చుని, ఒక్కొక్కటీ చేత్తో కొట్టేశారు. పెద్దాయన చూపుడువేలు నల్లగా ఉంది. చచ్చిపోయిన పంతులమ్మ కూతుర్ని చెరపడానికి ముగ్గురు ముసలివాళ్ళు రెండు గంటలు కష్టపడ్డారు. వాళ్ళు అంత ఒళ్ళొంచి పనిచెయ్యడం పందొమ్మిదేళ్ళలో నేను చూడలేదు.

చిన్ని పత్రం తీసుకుని చదివింది. గీత మీద బొటనవేలు ఆనించింది. ఇంకా పూర్తిగా ఆరినట్టు లేదు, కొంచెం అంటుకుంది. పక్కన మా ఆయన అదంతా చూశాడు. జేబులోంచి రుమాలు తీసి, చెల్లెలి వేలు తుడిచాడు. సిరా పోలేదు. ఆయన తుడుస్తూనే ఉన్నాడు, పాట మొదలైనా.

ఆ మర్నాడు ఆదివారం. ప్రభు భోజనం ఉంది. చిన్ని పొద్దున్నే తయారై కూర్చుంది.

“ఆ కొంపకి మళ్ళీ ఎందుకే?” అన్నాను. నాకు ఒళ్ళు మండుతోంది. “వాళ్ళ మొహాలు చూడాలని ఉందా?”

“వాళ్ళ మొహాలు చూడ్డానికి కాదు వదినా. నాకు వెళ్ళాలని ఉంది. అంతే.”

వెళ్ళాం. చినుకులు పడుతున్నాయి. ఆడవాళ్ళ వైపు మూడో బెంచీలో నేను గోడవైపు, పక్కన చిన్ని. మా ఆయన మాతోపాటే నడిచొచ్చి, పెద్దల బెంచీ దాటి, నడవలో తిరిగి, చిన్ని పక్కన కూర్చున్నాడు. యాభై మూడేళ్ళ మనిషి, సంఘపెద్ద, ఆడవాళ్ళ మధ్యలో. పాటల పుస్తకం తెరిచి, తలకిందులుగా పట్టుకున్నాడు. చిన్ని దాన్ని తిప్పి ఇచ్చింది.

వేదిక మీదనుంచి పెద్దాయన గొంతు సవరించుకుని, “పురుషులు దయచేసి పురుషుల వైపు కూర్చోవాలి,” అన్నాడు. రెండోసారి కూడా అన్నాడు. మా ఆయన పుస్తకంలోంచి తలెత్తలేదు. నోరు విప్పకపోవడంలో ఆయనకున్న అనుభవం మొదటిసారి ఒక పనికొచ్చింది.

ప్రసంగం అయ్యాక రొట్టె పళ్ళేలు బయల్దేరాయి. మావైపు పళ్ళెం పెద్దాయనే పట్టుకున్నాడు. మా బెంచీ దగ్గరికొచ్చి మా ఆయన ముందు ఆపాడు.

“ముందు మా చెల్లెలికివ్వండి,” అన్నాడు మా ఆయన.

పెద్దాయన పళ్ళెం వెనక్కి లాక్కుని నాలుగో బెంచీకి నడిచాడు. ఆ బెంచీ చివర బొత్తాల షాపావిడ ఉంటుంది. డెబ్బై ఏళ్ళు, చెవుడు. అత్తయ్యకి స్నేహితురాలు. చెవుడు వల్ల ఆమె చెవిలో చెప్పుకునే మాట కూడా పైకి అరుస్తుంది.

“వరస తప్పారు! ముందు బెంచీ అవలేదు!” అంది.

“తీసుకోండమ్మా,” అన్నాడు పెద్దాయన.

“వాళ్ళదయ్యాక రండి.” చేతులు కట్టుకుంది. పక్కనున్న ఆమె కోడలు కూడా కట్టుకుంది. అయిదో బెంచీలో ఇద్దరు తలలు అడ్డంగా ఊపారు. వాళ్ళలో ఒకామె, మొన్న పర్సు తీసుకుని మా బెంచీలోంచి లేచిపోయిన మనిషి. మగవాళ్ళ వైపు చివర్లో ఒక ముసలాయన తన ముందుకొచ్చిన పళ్ళేన్ని చేత్తో పక్కకి నెట్టాడు. ఆయన మనవడు కూడా.

ఆరుగురు. నూట డెబ్బైమందిలో ఆరుగురు. మిగతా అందరూ నేలవైపు చూసుకుంటూ, చప్పుడు రాకుండా నమిలారు. దీన్ని చెప్పేటప్పుడు మా ఆయన “సంఘం మావైపు నిలబడింది” అంటాడు. నాకు లెక్కలు వచ్చు.

పెద్దాయన పళ్ళెం పట్టుకుని నడవ మధ్యలో ఆగిపోయాడు. ముందుకి వెళ్ళలేడు, వెనక్కి రాలేడు. హార్మోనియం ఆగింది. అప్పుడు పాస్టరు గారు బల్ల వెనకనుంచి కదిలాడు. మెట్లు దిగి వచ్చి, పెద్దాయన చేతుల్లోంచి పళ్ళెం తీసుకున్నాడు. ముక్కలు పళ్ళెంలో అటూ ఇటూ కదిలాయి. మా బెంచీ ముందు నిలబడి, చిన్నివైపు పళ్ళెం చాచి, చెప్పాల్సిన మాటలు చెప్పాడు. వెన్నపూస గొంతు కాదు. ఎండిపోయిన మామూలు గొంతు. చివర్లో, “అక్కా, తీసుకోండి,” అన్నాడు.

ఆ క్షణంలో ఆయన మీద నాకు గౌరవం కలిగిందని చెప్పగలిగితే బాగుండేది. కలగలేదు. ఆ పదడుగులు ఆయన రెండు నెలల ముందు వేసి ఉండొచ్చు. పోనీ పద్దెనిమిది రోజుల ముందు, మా అత్తయ్య నోరు తెరిచి ఎదురుచూస్తున్నప్పుడు, మంచానికీ పెట్టెకీ మధ్య ఉన్న ఒక్క అడుగు వేసి ఉండొచ్చు.

చిన్ని తీసుకుంది. రెండు చేతులూ దోసిలి పట్టి తీసుకుని, కళ్ళు మూసుకుంది. తర్వాత మా ఆయన. ఆయన ఏడుస్తున్నాడు. ఏడవనిచ్చాను. తొమ్మిదేళ్ళ బాకీ, ఒక్క ఆదివారంలో తీరేది కాదు.

తర్వాత పళ్ళెం నా ముందుకొచ్చింది. వెనక బొత్తాల షాపావిడ, “ఆఁ, ఇప్పుడు మాది!” అని అరిచింది. చిన్ని కళ్ళు తెరిచి నావైపు చూసింది, తీసుకో అన్నట్టు. ఆమె మొహంలో ఎవరి మీదా ఏమీ లేదు. నాకది అర్థంకాలేదు, ఇప్పటికీ అర్థంకాదు. పళ్ళెం అంచు మీద నల్లటి వేలిముద్ర ఒకటి కనిపించింది నాకు. నిజంగా ఉందో, నాకే అలా అనిపించిందో చెప్పలేను.

“అమ్మా,” అన్నాడు పాస్టరు గారు.

నేను ఒళ్ళోంచి చేతులు తియ్యలేదు. అది భక్తి కాదనీ, పంతమనీ నాకు తెలుసు. ఆయన నాలుగో బెంచీకి వెళ్ళాడు. ఆ రోజు ఆ చర్చిలో రొట్టె తీసుకోని మనిషిని నేనొక్కదాన్నే.